వారానికో రోజైనా ఎండీ డాక్టర్ని పంపండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మెట్ట ఊళ్లలో ‘జనరల్ ఫిజీషియన్’ బోర్డులకు కొదవ లేదు. కింద డిగ్రీ చూస్తే చాలాసార్లు ఎంబీబీఎస్సే. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ మెడిసిన్‌లో పీజీ, అంటే ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లు కావాలంటే ఉదయగిరి వైపు జనం తరచూ నెల్లూరు బస్సెక్కాల్సిందే.

షుగరు, బీపీ రెండూ ఉన్నవాళ్ల దగ్గరే తేడా తెలుస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా పాత చీటీ మీదే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి సాగుతుంది. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ సూది దానికి తోడు. క్రియాటినిన్‌తో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కంటే దిగితే మెట్‌ఫార్మిన్ ఆపాలి. నొప్పి సూదులు అంతకు చాలా ముందే మానాలి. ఇది చూసేవాళ్లేరీ?

సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు), ఏరియా ఆసుపత్రులు డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి) కిందివి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కిందివి కావు. ఆదేశం అక్కడికే పంపండి. నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ నుంచి ఎండీ డాక్టరు వారంలో ఒక రోజు ఈ ఆసుపత్రులకు రావాలి. మంగళవారమంటే మంగళవారమే. రక్తం, మూత్రం ముందురోజే తీసుకోవాలి. అదే రోజు తీస్తే రిపోర్టు చేతికొచ్చేసరికి డాక్టరు కారెక్కేసి ఉంటారు. సెలవైతే ఏఎన్‌ఎంలతో ముందే ఊళ్లకు చెప్పించండి. ల్యాబ్‌లో ‘కెమికల్ అయిపోయింది’ అన్న మాట మాత్రం వినపడకూడదు.

ఇట్లు,
మెట్ట ప్రాంత ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు