కోడ్ రాసిన పిల్లల్ని దొంగల లెక్కలో కట్టొద్దు మేడమ్: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం మేడమ్. తిరుపతి నుంచి రాస్తా ఉన్నాను. సాఫ్ట్‌వేర్ పని చేస్తాను, సాయంత్రాలు ఇంజినీరింగ్ పిల్లలకి ఓపెన్ సోర్స్ కోడింగ్ (ఎవరైనా చూసి వాడుకునేలా బయట పెట్టే కోడ్) నేర్పిస్తాను. వాళ్లలో ఇద్దరు క్రిప్టో వాలెట్ ఒకటి, అంటే ఎవరి క్రిప్టో డబ్బు వాళ్లే దాచుకుని పంపుకునే యాప్, తయారు చేస్తా ఉన్నారు, మొన్న ఒకడు ల్యాప్‌టాప్ మూసేసి "అన్నా, దీనికి మమ్మల్ని కూడా లోపలేస్తారా" అని అడిగాడు. వాడి భయం ఊరికే పుట్టింది కాదు.

క్రిప్టో ఎవరి నుంచి ఎవరికి పోయిందో బయటికి కనపడకుండా చేసే టోర్నడో క్యాష్ అనే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో రోమన్ స్టార్మ్‌ని అమెరికాలో 2023లో అరెస్ట్ చేశారు. 2025 ఆగస్టులో న్యూయార్క్ జ్యూరీ, లైసెన్స్ లేని మనీ ట్రాన్స్‌ఫర్ వ్యాపారం నడిపే కుట్ర అనే ఒక్కదాని మీదే దోషి అనింది, మనీ లాండరింగ్, ఆంక్షల ఉల్లంఘన ఆరోపణల మీద ఒక మాటకి రాలేకపోయింది. ఆయన తోటి డెవలపర్ అలెక్సీ పెర్ట్‌సెవ్‌కి నెదర్లాండ్స్‌లో 5 ఏళ్ల 4 నెలల జైలు పడింది. ఇలాంటిదే సమురాయ్ వాలెట్ అనే ఇంకో యాప్ తయారు చేసిన ఇద్దరికీ కూడా శిక్ష పడింది, అయితే వాళ్లు సర్వర్ నడిపి ఫీజు తీసుకున్నారు కాబట్టి ఆ కేసుని దీంతో కలపను.

ఉత్తర కొరియా హ్యాకర్లు కొట్టేసిన డబ్బు టోర్నడో క్యాష్‌లో తిప్పారు, అది నిజమే, నేను కాదనను. కానీ 2020 నుంచి ఆ కోడ్‌ని మార్చడం గానీ ఆపడం గానీ రాసినవాళ్ల చేతుల్లో కూడా లేదు, ఎవరూ మార్చలేని ఆ కోడ్ ఎవరి ఆస్తీ కాదని 2024 నవంబర్‌లో అమెరికా అప్పీల్ కోర్టే చెప్పింది, తర్వాత టోర్నడో క్యాష్ మీద అమెరికా ప్రభుత్వం పెట్టిన ఆంక్షల్ని 2025 మార్చిలో ఎత్తేశారు.

అసలు మామూలోడికి ఇలా దాచే సాఫ్ట్‌వేర్ ఎందుకు అంటారేమో. ఎథరియం అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో నా అడ్రస్ ఒక్కసారి మీకు తెలిస్తే చాలు మేడమ్, నా దగ్గర ఎంతుంది, ఎవరికి ఎంత పంపాను, ఎప్పుడు పంపాను అంతా ఫోన్‌లో చూసుకోవచ్చు, నాకు పని ఇచ్చిన క్లయింట్ చూస్తాడు, అప్పు అడిగేవాడు చూస్తాడు, బెదిరించేవాడూ చూస్తాడు. మా ఊళ్లో శ్రీవారి హుండీ దగ్గర ఎవరు ఎంత వేశారని ఎవరూ రాసుకోరు. ఎవడన్నా దొంగ సొమ్ము వేస్తే ఆ దొంగని పట్టుకోవాలి గానీ హుండీ గుడ్డ కుట్టినాయన్ని కాదు కదా. 2017లో పుట్టస్వామి కేసులో 9 మంది సుప్రీం కోర్టు జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చారు, అది డబ్బు విషయంలో కూడా ఉండాల్సిందే.

మోసపోయినవాళ్ల బాధ తెలీక చెప్పడం లేదు. మా వీధిలో ఒకామె టెలిగ్రామ్ ఇన్వెస్ట్‌మెంట్ గ్రూపులో కూతురి పెళ్లికి దాచిన డబ్బు పోగొట్టుకుంది, ఆ స్టేట్‌మెంట్ నేనే దగ్గర కూర్చుని చూశాను. డబ్బు మొదట పోయింది ఎవడో అద్దెకిచ్చిన బ్యాంకు అకౌంట్‌లోకి, అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా వేరే అకౌంట్లకి, క్రిప్టో వచ్చింది చివర్లో. ఆ అకౌంట్ తెరిచినప్పుడు, అద్దెకిచ్చినప్పుడు ఆపాల్సింది, వాలెట్ రాసే పిల్లోడిని పట్టుకుంటే ఆమె డబ్బు తిరిగి రాదు.

ఇప్పుడు మన చట్టం సంగతి. 2023 మార్చి 7న మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో క్రిప్టో వ్యాపారాలు పీఎంఎల్ఏ (మనీ లాండరింగ్ నిరోధక చట్టం) కిందికి వచ్చాయి, క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీల వరకు అది మంచిదే. కానీ అందులో క్రిప్టో మీద నియంత్రణ ఇచ్చే సాధనాల నిర్వహణ అనే మాట ఉంది, రేపు ఏ అధికారైనా దాన్ని సాగదీసి వాలెట్ కోడ్‌కి కూడా అంటగట్టొచ్చు. ఆ చట్టంలో మనీ లాండరింగ్ నేరానికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, పైగా సెక్షన్ 45 ప్రకారం వీడు తప్పు చేసి ఉండడని జడ్జికి నమ్మకం కలిగితే గానీ బెయిల్ రాదు, కేసు తేలేలోపు ఇరవై రెండేళ్ల కుర్రోడి చదువు, ఉద్యోగం అన్నీ పోతాయి.

అమెరికాలో 2019లోనే మనీ లాండరింగ్ మీద కన్నేసే ఫిన్‌సెన్ అనే ప్రభుత్వ సంస్థ, డబ్బు పంపేవాడెవరో దాచే సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాడు మనీ ట్రాన్స్‌మిటర్ (డబ్బు పంపే వ్యాపారి) కాడని గైడెన్స్‌లో రాసింది, అయినా కేసులు ఆగలేదు. అందుకే వివరణలు, ఎఫ్ఏక్యూలు వద్దు మేడమ్, నోటిఫికేషన్‌లోనే రాయించండి: ఇతరుల డబ్బు తన చేతిలో పెట్టుకోనివాడు, దాన్ని ఆపే శక్తి గానీ తిప్పే శక్తి గానీ లేనివాడు, సాఫ్ట్‌వేర్ రాసి బయట పెట్టినంత మాత్రాన రిపోర్టింగ్ ఎంటిటీ (ఆ చట్టం కింద లావాదేవీల లెక్క ప్రభుత్వానికి చెప్పాల్సినవాడు) కాడు. దొంగతో చేతులు కలిపి కమిషన్ తిన్నవాడిని మాత్రం వదలొద్దు. ఆ డ్రాఫ్ట్‌ని ముందు జనం అభిప్రాయానికి పెట్టండి, మా పిల్లలు కూడా రాస్తారు.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక ఓపెన్ సోర్స్ డెవలపర్