పేరు పెట్టారు సరే, ఆయన ఎవరు?

సంపాదకులకు,

మా వార్డు కమ్యూనిటీ హాలుకు ఊరి పెద్ద ఒకాయన పేరు పెట్టారు. గుమ్మం పక్కన నల్లరాతి ఫలకం ఉంది. ప్రారంభించినవారు, అధ్యక్షులు, విశిష్ట అతిథులు, చివరికి కాంట్రాక్టరు కూడా కలిపి పదకొండు పేర్లు బంగారు రంగులో మెరుస్తుంటాయి. హాలు ఎవరి పేరున వెలిసిందో ఆయనకు దక్కింది పైన ఒక్క వరస. దండ తగిలించే మేకు సరిగ్గా దాని మీదే దిగింది. ఆయన ఊరికి ఏం చేశారో ఒక్క ముక్క లేదు.

బరంపురం వైద్య కళాశాల మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరున ఉంది. ప్రత్యేక ఒడిశా కోసం పోరాడి, 1937లో దానికి తొలి ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయిన మనిషి. ఆటోవాళ్లకు అది ‘ఎం.కె.సి.జి.’. కోరాపుట్ వైద్య కళాశాలకు పేరు ఇచ్చిన స్వాతంత్ర్య సమరయోధుడు షహీద్ (అమరవీరుడు) లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఆయనా ‘ఎస్.ఎల్.ఎన్.’ అయిపోయారు. జనాన్ని తప్పుపట్టను, కడుపునొప్పితో పరుగెత్తేవాడు పూర్తి పేరు పలుకుతాడా? అందుకే ఏ భవనానికి పేరు పెట్టినా గేటు దగ్గర నాలుగు వాక్యాలు రాయించాలంటున్నాను.

మా పర్లాకిమిడి సంగతే చూడండి. గిడుగు రామమూర్తి పంతులుగారు అనగానే మనకు ఆగస్టు 29, వాడుక భాష గుర్తొస్తాయి. ఆయన పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. సవర గిరిజనులను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఇకపై ఇక్కడ గ్రంథాలయమో, గిరిజన విద్యార్థుల వసతి గృహమో కడితే ఆయన పేరే పెట్టాలి.

‘పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం ఇష్టంలేక 1936లో రాజమండ్రి వెళ్లిపోయిన మనిషి పేరు ఇక్కడెందుకు?’ అని మిత్రుడొకరు అడిగారు. వెళ్లిపోయిన మాట నిజమే. నేర్పిన చదువును మూట కట్టుకుని పోలేదు కదా! గజపతి మహారాజు పేరున ఏకంగా జిల్లాయే ఉంది. ఒక చదువుల గదికి పంతులుగారి పేరు పెడితే మహారాజుకు తగ్గేదేమీ లేదు.

బోర్డు ఒడియా, తెలుగు లిపులతోపాటు మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సవర లిపిలోనూ ఉండాలి. చోటు చాలకపోతే విశిష్ట అతిథులను తగ్గించుకోవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా