పాత నాణెం చేతిలో పెట్టి అడగండి

సంపాదకులకు,

వృద్ధాశ్రమాల్లో కాలక్షేపమంటే టీవీ ఒక్కటే కానక్కర్లేదు. పాత నాణేలు ఆరేడు ఉంటే చాలు, పెద్దవాళ్లు నోరు విప్పుతారు. నలుగురైదుగురిని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ముదురు రంగు గుడ్డ పరిచి, ఒక్కో నాణెం అరచేతిలో పెట్టాలి. వాళ్లకు 10 నుంచి 25 ఏళ్ల వయసులో చెలామణీలో ఉన్నవైతే మేలు. ఆ వయసు జ్ఞాపకాలే ఎక్కువగా నిలుస్తాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి చూపిస్తే కవరు మెరుపుకి నాణెం మీది అచ్చు సరిగా కనబడదు. అంచు గరుకూ, బరువూ, బల్ల మీద పడితే వచ్చే చప్పుడూ అన్నీ పోతాయి.

‘ఇది ఏ సంవత్సరానిది?’ అని దయచేసి అడగొద్దు. అది పరీక్షలా ఉంటుంది, గుర్తురానివారు ముడుచుకుపోతారు. ‘మీ మొదటి సంపాదనతో ఏం కొన్నారు?’ అని అడిగి ఆగండి. జవాబుకు అరనిమిషం పట్టినా మధ్యలో మాట అందించకండి. పాత లేమి గుర్తొచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే మాట మార్చకుండా పక్కన కూర్చోండి.

మతిమరుపు జబ్బు ముదిరినవారు నాణెం నోట్లో పెట్టుకోవచ్చు. వారికి పెద్ద చెక్కపలకకు గట్టిగా బిగించి ఇవ్వాలి. ఇచ్చే ముందూ, తీసుకున్న తర్వాతా నాణేలు లెక్కపెట్టాలి. మింగారన్న అనుమానం వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నాణేలను తళతళలాడేలా తోమకండి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెడితే చాలు.

– వృద్ధుల సంరక్షణ కార్యకర్తలు