లా చదువుకీ లాంగ్ టర్మ్ ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

నీట్ లాంగ్ టర్మ్ విద్యార్థుల మీద మీ పత్రిక చదువు పేజీలో వచ్చిన కథనం చదివాను. ఇంటర్ అయిపోయాక మళ్లీ ఏడాది కూర్చుని చదివే పిల్లల కష్టం, వాళ్ల ఇళ్లలో ఉండే టెన్షన్ బాగా రాశారు. నేనూ లాంగ్ టర్మ్‌లోనే ఉన్నాను. అయితే నాది నీట్ కాదు, క్లాట్. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల లా కోర్సులో చేరడానికి రాసే పరీక్ష అది. మొదటిసారి వచ్చిన ర్యాంకుకి సీటు రాలేదు. రాబోయే డిసెంబర్‌లో మళ్లీ రాస్తున్నాను. మాలాంటి వాళ్ల గురించి పేపర్లలో ఎక్కడా కనపడదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలోని వేపగుంట. నాన్న గాజువాక ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు. అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పదో తరగతి వరకు నేను తెలుగు మీడియం ప్రభుత్వ బడిలో చదివాను, ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నాను. లా ఎందుకని చాలామంది అడుగుతారు. మా ప్రాంతం తెలిసినవాళ్లెవరూ అడగరు. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల్లో వేపగుంట ఒకటి. అడవివరం, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి మిగతా నాలుగు. ఈ ఊళ్లలో ఇళ్ల స్థలాలు ఎవరివన్న దాని మీద దేవస్థానంతో ఏళ్లుగా వివాదం నడుస్తోంది. తాతల నాడు కట్టుకున్న ఇంట్లో ఉంటున్నా, ఆ ఇల్లు మాదేనని చూపించే కాగితం మా చేతిలో లేదు. రిజిస్ట్రేషన్ అవ్వదు, బ్యాంకు లోను ఇవ్వదు, పైన ఒక గది వేసుకుందామన్నా భయమే. చిన్నప్పటి నుంచి మా వీధి అరుగుల మీద జీవో, స్టే, కౌంటర్ అనే మాటలు వింటూ పెరిగాను. ఆ మాటలు అర్థమయ్యే మనిషి మా వీధిలో ఒక్కరైనా ఉండాలని నా కోరిక.

నేను మళ్లీ రాస్తానన్నప్పుడు మా మావయ్య అన్న మాట ఇది: "డాక్టరీకి లాంగ్ టర్మ్ అంటే అందరూ చేస్తున్నదే గాని, ప్లీడరీకి లాంగ్ టర్మేంటే అమ్మా? కాలేజీ ఏదైతేనేం, ఎక్కడో ఒక దగ్గర చేరిపో." ఆయన చెడ్డగా అనలేదు, నా మంచి కోరే అన్నారు. ఆయన కొడుకు నీట్ కోసం ఏడాది హాస్టల్లో ఉండి చదివినప్పుడు ఇంటిల్లిపాదీ దాన్ని గౌరవంగా చెప్పుకున్నారు. అదే నా విషయానికొచ్చేసరికి "అమ్మాయి ఖాళీగా ఉంది" అయింది. పెళ్లి సంబంధాల కబుర్లు కూడా అప్పుడే మొదలయ్యాయి. లా కోసం మళ్లీ రాసే ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇదే మాట నడుస్తోందని నాలాంటి స్నేహితులతో మాట్లాడినప్పుడు తెలిసింది.

అసలు మొదటిసారి ఎందుకు రాదో ఎవరూ ఆలోచించరు. కొన్నేళ్లుగా క్లాట్‌ని డిసెంబర్‌లో పెడుతున్నారు. అంటే ఇంటర్ సెకండియర్ మధ్యలో. అప్పటికి మన కాలేజీల్లో సిలబస్ పూర్తి చేసి రివిజన్లు, ప్రీఫైనల్స్ అంటూ పరిగెత్తిస్తుంటారు. ఉదయం వెళ్తే ఇంటికి చేరేది చీకటి పడ్డాకే. కామర్సు, ఎకనామిక్స్, సివిక్స్ పుస్తకాలు పక్కన పెట్టి ఇంగ్లిష్ పాసేజీలు సాధన చేస్తానంటే ఏ లెక్చరరూ ఒప్పుకోరు. పెద్ద పట్టణాల్లో ఎనిమిదో తరగతి నుంచే ఇంగ్లిష్ పేపరు చదివే అలవాటున్న పిల్లలకి ఆ డిసెంబర్ సరిపోతుంది. మాకు సరిపోదు. మార్చిలో ఇంటర్ పరీక్షలయ్యాక గాని మా ప్రిపరేషన్ నిజంగా మొదలవ్వదు. అందుకే ఇంకోసారి రాయడాన్ని ఫెయిలవడం కింద లెక్కేయొద్దని నా వాదన. చాలామందికి పూర్తి తయారీతో రాసే తొలి పరీక్ష ఈ రెండోసారిదే.

పరీక్ష తీరు కూడా పాఠకులకి తెలియాలి. 2020 నుంచి క్లాట్ పూర్తిగా మారింది. అంతకుముందు లీగల్ విభాగంలో ఒక సూత్రం ఇచ్చి, కింద ఒక సంఘటన చెప్పి జవాబు అడిగేవారు. ఇప్పుడు అన్ని విభాగాల్లోనూ పాసేజీలే. లెక్కల్లో తప్ప ఒక్కొక్కటీ దాదాపు 450 పదాలుంటుంది. 2024 క్లాట్ నుంచి ప్రశ్నలు 150 కాదు, 120 చేశారు. సమయం రెండు గంటలు. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. పేపరంతా ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొంచెం లెక్కలు. చట్టం ముందే తెలిసుండాలని అడగరు. వేగంగా చదివి, చదివిందాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవాలి.

ఆ ఉన్నదున్నట్టు పట్టుకోవడమే కష్టం. ఒక ఉదాహరణ చెబుతాను. షాపులో తడి నేల మీద ఒకాయన జారిపడి కాలు విరిగింది. హెచ్చరిక బోర్డు అందరికీ కనపడేలా పెడితే షాపు యజమానికి బాధ్యత లేదని పాసేజీలో రూలు ఇచ్చారనుకోండి. బోర్డు పెట్టారనే ప్రశ్నలో ఉంది. పడ్డాయన ముసలాయన, పేదవాడు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు. మన మనసు వెంటనే ఆయన వైపు వెళ్తుంది. నాలుగు జవాబుల్లో ఒకటి సరిగ్గా అలా జాలిపడే వాళ్ల కోసమే పెడతారు. కానీ అడిగింది ఆ రూలు ప్రకారం ఏమవుతుందని. మనకి న్యాయంగా అనిపించేదాన్ని కాసేపు పక్కన పెట్టి, ఇచ్చిన రూలుని చివరిదాకా నడిపించి చూడాలి. ఆ తర్వాత కావాలంటే రూలే బాగాలేదని వాదించవచ్చు. ఈ క్రమశిక్షణ గైడ్లు బట్టీ పడితే రాదు. మాక్ టెస్టు, అంటే నమూనా పరీక్ష రాయడం, మర్నాడంతా కూర్చుని ప్రతి తప్పూ ఎందుకు వచ్చిందో రాసుకోవడం, ఇదే పని. విషయం తెలియక పోయిన మార్కు వేరు, తొందరలో "కాదు" అన్న మాట చూడక పోయిన మార్కు వేరు, పాసేజీలో లేనిది ఊహించుకుని పోయిన మార్కు వేరు. నా నోట్‌బుక్‌లో మూడింటికీ మూడు రంగులు. నెలలు గడిచేకొద్దీ మూడో రంగు తగ్గుతోంది. ఆ మార్పు రావడానికి టైమ్ పడుతుంది. మళ్లీ రాసేవాళ్లు అడుగుతున్నది ఆ టైమే.

ఇంకో సంగతి బయటివాళ్లకి తెలియదు. నీట్ రాసేవాళ్లకి పోయినేడాది చదివిన బోటనీ ఈ ఏడాదీ పనికొస్తుంది. మాకు పేపర్లో పావు వంతు కరెంట్ అఫైర్స్, 28 నుంచి 32 ప్రశ్నలు. పోయినేడాది చదివిన వాటిలో చాలా భాగం ఈ ఏడాదికి పాతబడిపోతుంది. ఏ రోజుకారోజు మళ్లీ చదవాలి. ద్వారకానగర్‌లో విశాఖ పౌర గ్రంథాలయం ఉండబట్టి నాకు ఆ పని జరుగుతోంది. ఇంగ్లిష్ పేపర్లన్నీ ఇంట్లో వేయించుకునే స్తోమత మాకు లేదు. అక్కడ నా పక్కన గ్రూప్-2 వాళ్లు, డీఎస్సీ వాళ్లు, బ్యాంకు పరీక్షల వాళ్లు కూర్చుంటారు. ఒక డీఎస్సీ అక్క నేను చదివే సంపాదకీయాల్లో కష్టమైన వాక్యాలు విడదీసి చెప్పడం అలవాటు చేసుకుంది. ఆవిడ మేలు మర్చిపోలేను.

కోచింగ్ సంగతికొస్తే, నగరంలో ఒక సెంటర్‌కి వెళ్లి అడిగాం. రెండోసారి రాసేవాళ్లకి విడిగా బ్యాచ్ లేదన్నారు. కొత్తవాళ్లతో పాటు మొదటి పాఠం నుంచి కూర్చోవాలి, ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. నాన్న కొన్ని నెలల జీతం అది. బయటికొచ్చాక ఆయన "అప్పు చేస్తాను" అన్నారు. నేనే వద్దన్నాను. మాక్ టెస్టులు ఆన్‌లైన్‌లో కొనుక్కుని ఇంట్లోనే చదువుతున్నాను. దరఖాస్తు ఫీజే జనరల్, బీసీ వాళ్లకి 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 3,500. ఒక్క పరీక్షకి ఇంత ఫీజు, అది కూడా రెండోసారి కట్టాలంటే, మా లాంటి ఇళ్లలో మాట్లాడుకునే కట్టాలి.

రాష్ట్రంలోని లా కాలేజీల కోసం రాసే ఏపీ లాసెట్ ఉంది కదా అంటారు. ఉంది. అందులో 120 మార్కులకి 42 వస్తే అర్హత, తప్పుకి మార్కు కోయరు, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. ఎంతోమందికి అది దారి చూపిస్తోంది. ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ 1945 నుంచి ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే వయసూ అర్హతా నాకు లేవు. రేపు క్లాట్‌లో రాకపోతే సంతోషంగా అక్కడ చదువుకుంటాను. కానీ నేషనల్ లా యూనివర్సిటీ మా ఇంటికి ఇంత దగ్గరలో ఉండగా అందుకోసం ఇంకోసారి ప్రయత్నించనివ్వమని అడుగుతున్నాను. పెందుర్తి మీదుగా వెళ్తే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి పేరు దానికి పెట్టారు. ఆయన పేద ఇంట్లో పుట్టి, మద్రాసు లా కాలేజీలో చదువుకుని పైకొచ్చినవారు. ఆ పేరున్న గేటు లోపలికి చుట్టుపక్కల ఊళ్ల పేద పిల్లలు ఎంతమంది వెళ్తున్నారో ఆ విశ్వవిద్యాలయమే ఒకసారి చూసుకోవాలి.

నేను అడిగేవి కష్టమైనవి కావు. జేఈఈ మెయిన్‌ని ఏడాదిలో జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడుతున్నారు. ఏది మంచి స్కోరైతే అది తీసుకుంటారు. అమెరికాలో లా కాలేజీలకి రాసే ఎల్‌శాట్ కూడా ఏడాదిలో చాలాసార్లు జరుగుతుంది. క్లాట్ మాత్రం ఏడాదికి ఒక్కసారే. ఆ ఆదివారం జ్వరం వస్తే మళ్లీ ఏడాది ఆగాలి. తరగతులు మొదలయ్యేది ఎలాగూ వేసవి దాటాకే. అలాంటప్పుడు ఇంటర్ పరీక్షలయ్యాక మే నెలలో ఇంకో విడత ఎందుకు పెట్టకూడదు? క్లాట్ నడిపే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం దీనికి జవాబు చెప్పాలి. పేపర్ తయారీలో ఇబ్బందులుంటాయని నాకూ తెలుసు. 2024 డిసెంబర్‌లో జరిగిన పరీక్ష జవాబుల మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 మే వరకు నడిచాయి. అన్నాళ్లూ పిల్లలు సీటు వచ్చిందో లేదో తెలియక ఎదురుచూశారు. ఏడాదికి ఒకే అవకాశం ఉన్నచోట ఒక్క తప్పు ప్రశ్నకి ఎంత ఖరీదో అప్పుడు అందరూ చూశారు.

రెండోది మన రాష్ట్ర ప్రభుత్వానికి. గురుకులాల్లో ఐఐటీ, నీట్ కోసం ప్రత్యేక అకాడమీలు నడుపుతున్నారు. మంచిది. వాటి పక్కనే క్లాట్‌కి ఒక్క సెక్షన్ పెట్టండి, ఇంటర్ అయిపోయిన పిల్లల్ని కూడా అందులో చేర్చుకోండి. సీఈసీ, హెచ్ఈసీ చదివే పిల్లలకీ పోటీ పరీక్ష ఉంటుందని అప్పుడు కాలేజీలకీ తెలుస్తుంది.

సబ్బవరంలో చదువుతున్న అన్నలకీ అక్కలకీ నాదో విన్నపం. ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో ఐడీఐఏ అనే సంస్థ మొదలుపెట్టారు. పేద పిల్లలకి లా విద్యార్థులే క్లాట్ నేర్పించి, సీటు వచ్చాక కూడా తోడుండే పద్ధతి అది. ఆయన 2019లో పోయారు, ఆ పని ఆగలేదు. మీరు ఆదివారాల్లో నగరంలోకి వచ్చి రెండు గంటలు కూర్చుంటే చాలు. పాఠం చెప్పనక్కర్లేదు. మేం రాసిన మాక్ పేపర్ పక్కన పెట్టుకుని, ఈ జవాబు ఎందుకు కాదో మాతో వాదించండి. ఇంట్లో ఒక్కళ్లమే కూర్చుని చదివేవాళ్లకి దొరకనిది అదే, అలా వాదించే మనిషి.

ఇక మీకు, సంపాదకులు గారూ. మీ చదువు పేజీలో ఈఏపీసెట్‌కి, నీట్‌కి, డీఎస్సీకి రోజూ చోటు ఉంటుంది. క్లాట్ దరఖాస్తులు తీసుకునే నెలల్లో చివరి తేదీ, ఫీజు, అర్హత మార్కులు ఒక మూలనైనా వేయండి. జనరల్ వాళ్లకి ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 40 శాతం చాలని, వయసు పరిమితి లేదని, ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదని రాయండి. మా కాలేజీలో నాతోపాటు చదివిన సీఈసీ పిల్లల్లో చాలామందికి ఇలాంటి పరీక్ష ఒకటుందని తెలిసేసరికే గడువు దాటిపోయింది.

ఇట్లు,
క్లాట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని,
వేపగుంట, విశాఖపట్నం
(నా పేరు ప్రచురించవద్దని మనవి)