మంత్రిగారూ, తగిన సమయం అంటే ఎన్ని రోజులు?

గౌరవనీయులైన ఇంగ్లండ్ గృహనిర్మాణ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. తూర్పు లండన్‌లో ఒక కౌన్సిల్ ఫ్లాట్‌లో, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇంట్లో, పదమూడేళ్ళుగా ఉంటున్నాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఇక్కడ పెద్దవాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తాను. మీ కార్యాలయానికి ఇదివరకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి "మీ లేఖ అందింది, మీ కౌన్సిల్‌తో మాట్లాడండి" అని జవాబు వచ్చింది. కౌన్సిల్ మాట్లాడటం లేదనే కదండీ మీకు రాసింది? రెండో ఉత్తరానికి ఆ మాత్రం జవాబు కూడా రాలేదు. ఇది మూడోది. ఇంగ్లీషు ప్రతి మా అమ్మాయి తయారుచేసి మీకు పంపుతుంది. తెలుగులో అందరి ముందూ పెట్టడం ఎందుకంటే, ఇలాంటి ఫ్లాట్లలోనే ఉంటూ, అడగాలంటే భయపడి ఊరుకునే మనవాళ్ళు చాలామంది నాకు తెలుసు.

నేను అడిగింది ఒక్కటే. మా బాత్‌రూమ్‌లో ఉన్న టబ్ తీయించి, గడప లేకుండా నేలకు సమానంగా ఉండే షవర్ పెట్టించుకోవడానికి పర్మిషన్. ఖర్చు మొత్తం నాది. కౌన్సిల్ ఒక్క పెన్నీ పెట్టక్కర్లేదు. సరే అనో, కుదరదు అనో ఒక కాగితం ముక్క ఇస్తే చాలు. ఆ కాగితం కోసం పది నెలలుగా తిరుగుతున్నాను.

మా వారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. పదహారేళ్ళు ఈ ఊళ్ళో డబుల్ డెక్కర్ బస్సు నడిపిన మనిషి. మా టబ్ అంచు ఆయన మోకాలికి పైన ఉంటుంది. దాని మీద అడ్డంగా వేసుకోమని ఒక ప్లాస్టిక్ పలక ఇచ్చారు, గోడకు ఒక కడ్డీ బిగించారు. బిగించినవాళ్ళకు కృతజ్ఞురాలినే. కానీ స్నానం ఎలా జరుగుతుందో ఒకసారి వినండి. ముందు పలక మీద తువ్వాలు నాలుగు మడతలు వేస్తాను, జారకుండా. ఆయన కుడిచేత్తో కడ్డీ పట్టుకుని దాని మీద కూర్చుంటారు. కుడికాలు తనే లోపల పెట్టుకుంటారు. ఎడమకాలు నేను రెండు చేతులా ఎత్తి అంచు దాటించాలి. ఎత్తేటప్పుడు ఆయన నడుము వెనక్కి వాలుతుంది. అప్పుడు నా భుజం ఆయన వీపుకు ఆనించి ఆపాలి. చేతుల్లో కాలు, భుజం మీద మనిషి, కింద తడి నేల. స్నానం అయ్యాక బయటికి రావడానికి ఇదంతా మళ్ళీ మొదటినుంచి.

మొన్న నవంబరులో పలక జరిగిపోయింది. ఆయన టబ్‌లో పక్కకి ఒరిగిపోయారు. తల కుళాయికి తగలకుండా నా చెయ్యి అడ్డం పెట్టాను కాబట్టి సరిపోయింది. నా ముంజేతి మీద ఆ దెబ్బ నల్లగా మూడు వారాలు ఉంది. ఆ రోజు నుంచి ఆయన టబ్ ఎక్కనంటున్నారు. వంటగదిలో కుర్చీ వేసి, బకెట్టు, మగ్గు పెట్టుకుని ఒళ్ళు తుడుస్తున్నాను. తెల్లవారుజామునే స్నానం చేసి దీపం పెట్టుకోనిదే కాఫీ ముట్టని మనిషి, ఇప్పుడు నేను బకెట్టు తెస్తుంటే "ఇవాళ్టికి వద్దులే, నువ్వు అలిసిపోయావు" అంటున్నారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు.

నా ఉద్యోగంలో నేను చేసేది కూడా ఇదే పని, మంత్రిగారూ. కేర్ హోమ్‌లో స్నానాల గదికి గడప ఉండదు. చక్రాల కుర్చీ నేరుగా షవర్ కిందికి వెళ్ళిపోతుంది. తొంభై ఏళ్ళ పెద్దావిడకు పది నిమిషాల్లో ఏ ప్రమాదమూ లేకుండా తలస్నానం చేయిస్తాను. షిఫ్టు అయ్యాక బస్సెక్కి ఇంటికొచ్చి, నా భర్తకు వంటింట్లో తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తాను.

ఇక పర్మిషన్ సంగతి. గత ఏడాది మార్చిలో అప్లికేషన్ పెట్టాను. ప్లంబర్ ఇచ్చిన అంచనా 4,600 పౌండ్లు, అతని ఇన్సూరెన్స్ కాగితం, బాత్‌రూమ్ కొలతలతో గీసిన బొమ్మ, డాక్టరు ఉత్తరం, అన్నీ జతచేశాను. ఆ డబ్బు నేనూ మరికొంతమంది తెలుగు ఆడవాళ్ళూ కలిసి వేసుకున్న చీటీ పాడుకుని తెచ్చింది. అందిందని ఒక రెఫరెన్స్ నంబరు వచ్చింది. ఏప్రిల్‌లో ఫోన్ చేస్తే, ఇల్లు చూసి రిపోర్టు రాసే కౌన్సిల్ సర్వేయర్ వస్తారన్నారు. మే నెలాఖరుకు వచ్చారు. ఐదు నిమిషాలు చూసి, టబ్ పక్కన గోడ మీద తట్టి, "నాకైతే అభ్యంతరం ఏమీ కనిపించడం లేదు, రిపోర్టు రాస్తాను" అన్నారు. ఆ మాటకే మా వారు ఆయనకు టీ ఇవ్వమని నన్ను తొందరపెట్టారు.

జూన్‌లో ఈమెయిల్: బిల్డింగ్ పాతది, గోడల్లో ఆస్బెస్టాస్ (పగలగొడితే ఊపిరితిత్తులకు హాని చేసే పాతకాలపు పదార్థం) ఉందేమో చూడాలి, అంతవరకు ఆగండి. న్యాయమే. 1960లలో కట్టిన టవర్ మాది, టైల్స్ వెనక ఏముందో తెలియకుండా పగలగొట్టమని నేను అడగను. కానీ ఆ పరీక్షకు ఇంతవరకు ఎవరూ రాలేదు. జులై అంతా ఫోన్లు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటినుంచి కథ. ఆగస్టులో ఇంకో ఈమెయిల్: "మీ నుంచి అవసరమైన సమాచారం అందనందువల్ల మీ అప్లికేషన్ మూసివేశాం." ఏ సమాచారం అని అడిగాను. ఆస్బెస్టాస్ రిపోర్టట. ఆ పరీక్ష చేయిస్తామన్నది వాళ్ళు. చెయ్యనిది వాళ్ళు. మూసేసింది నా అప్లికేషన్!

సెప్టెంబరులో మళ్ళీ పెట్టాను. కొత్త రెఫరెన్స్ నంబరు. కంప్లయింట్ కూడా ఇచ్చాను. దానికి మాత్రం గడువులోపలే జవాబొచ్చింది. ఆలస్యానికి చింతిస్తున్నామని, 75 పౌండ్లు నా అద్దె ఖాతాలో వేస్తున్నామని. నేను పరిహారం అడగలేదండీ, పర్మిషన్ అడిగాను. ఆ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఇది జనవరి. ప్లంబర్ ఇప్పుడు 5,400 అంటున్నాడు.

ఇరుగుపొరుగు వాళ్ళు "చేయించేసుకో అక్కా, ఎవరొచ్చి చూస్తారు" అంటున్నారు. మా కింద రెండో అంతస్తులో ఒకాయన అలాగే వంటగది మార్పించుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, మళ్ళీ పాతలాగా చేయడానికి అయ్యే ఖర్చు అంటూ బిల్లు చేతిలో పెట్టారు. అడగకుండా చేస్తే అద్దె ఒప్పందం ఉల్లంఘించినట్టు కూడా. ఈ ఇల్లు పోతే మంచాన పడ్డ మనిషితో నేనెక్కడికి వెళ్ళాలి? పైగా అనుమతితో చేయించుకున్న షవర్‌కైతే, ఖాళీ చేసేనాటికి దాని ఆయుష్షు ఇంకా మిగిలి ఉంటే కొంత పరిహారం వస్తుందని 1994 నాటి నిబంధనల్లో ఉంది. షవర్ ఆయుష్షు 12 ఏళ్ళని లెక్క. అనుమతి లేకపోతే అదీ రాదు. అంటే నిజాయితీగా అడిగినవాళ్ళకు జవాబు లేదు, అడగకుండా చేసినవాళ్ళకు శిక్ష. మాలాంటివాళ్ళు ఏ దారిన పోవాలి?

నేను నిబంధనలకు వ్యతిరేకం కాదు. ఇది గట్టిగా చెప్పాలి. మా గుమ్మానికి ప్రతి ఉగాదికీ మామిడాకుల తోరణం కట్టేదాన్ని. ఇక్కడ ఆకులు దొరక్కపోతే గుడ్డతో కుట్టిన తోరణమైనా ఉండేది. గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడిన తర్వాత తలుపులన్నీ మంటలు తట్టుకునేవి పెట్టి, కారిడార్‌లో, తలుపుల మీద ఏదీ ఉండకూడదన్నారు. ఆ రోజు సాయంత్రమే తోరణం విప్పి లోపల దేవుడి అలమరకు కట్టుకున్నాను. 2017 జూన్ 14న 72 మంది చనిపోయిన చోటు ఇదే ఊళ్ళో ఉంది. ఎందుకు వద్దన్నారో నాకు అర్థమైంది, వినేశాను. కారణం చెబితే వినే మనిషినే నేను. షవర్ కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పమనండి. నీళ్ళు కింది ఫ్లాట్‌లోకి దిగుతాయంటే దానికి తగ్గట్టు చేయిస్తాను. మీ ప్లంబర్ చేతే చేయించాలంటే అలాగే చేయిస్తాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

సలహా కేంద్రంలో ఒక పెద్దమనిషి ఓపిగ్గా కూర్చుని 1985 హౌసింగ్ చట్టం నాకు చదివి వినిపించారు. మీకు తెలియనిది కాదు. సరైన కారణం లేకుండా అనుమతి ఆపకూడదు. అలా ఆపితే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కారణం సరైనదేనని నిరూపించాల్సింది కౌన్సిలే. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. వింటుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఇంత మంచి చట్టం నా కోసం నలభై ఏళ్ళుగా ఉందా అని. తర్వాత ఆయన ఇంకో వాక్యం చదివారు. తగిన సమయంలోగా కౌన్సిల్ అవుననీ కాదనీ చెప్పకపోతే, నిరాకరించినట్టుగా భావించాలి.

తగిన సమయం అంటే ఎన్ని రోజులండీ అని అడిగాను. చట్టంలో అంకె లేదమ్మా అన్నారు. మరి పది నెలలైంది కదా, నిరాకరించినట్టే కదా, కారణం లేదు కాబట్టి ఇచ్చినట్టే కదా అన్నాను. ఔను, కానీ ఆ మాట కౌంటీ కోర్టు చెప్పాలి అన్నారు. ఇచ్చినట్టే లెక్క అన్న మాట నమ్ముకుని ఏ ప్లంబర్ మా టైల్స్ మీద సుత్తి వేస్తాడు? కాగితం చూపించమంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మా అమ్మమ్మ అంటుంటే విన్నాను. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

మిగతావాటికి అంకెలు ఉన్నాయి మంత్రిగారూ. రోచ్‌డేల్ అనే ఊళ్ళో బూజు పట్టిన ఫ్లాట్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు 2020 డిసెంబరులో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ బిడ్డ తల్లిదండ్రుల పోరాటం వల్ల వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. అత్యవసరమైతే 24 గంటలు, తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. కంప్లయింట్‌కు అంకె ఉంది. వికలాంగుల కోసం ఇంట్లో మార్పులకు ఇచ్చే గ్రాంటుకు ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలని ఉంది. ఆ గ్రాంటు కోసం నేను చెయ్యి చాచలేదు. నాకంటే కష్టంలో ఉన్నవాళ్ళు ఆ వరసలో ఉన్నారు, వాళ్ళ వంతు నాకెందుకని నా డబ్బుతో చేయించుకుంటానన్నాను. సొంత డబ్బుతో చేయించుకుంటానన్నవాళ్ళకే గడువు లేకుండా పోయింది.

కాబట్టి అడుగుతున్నాను. ఆ "తగిన సమయం" అన్నచోట ఒక అంకె వేయండి. ఇరవై ఎనిమిది రోజులు వేస్తారో, నలభై రోజులు వేస్తారో మీ ఇష్టం. ఆ గడువు దాటితే కోర్టు మెట్లు ఎక్కకుండానే అనుమతి వచ్చినట్టు ఒక కాగితం ఇంటికొచ్చేలా చూడండి. పరీక్ష చెయ్యాల్సింది కౌన్సిలే అయినప్పుడు, అది జరగలేదని అద్దెదారు అప్లికేషన్ మూసేయకుండా చూడండి. చట్టం మార్చడానికి టైం పడుతుందంటే, కనీసం కౌన్సిళ్ళన్నిటికీ ఒక ఉత్తరమైనా రాయండి, స్నానాల గది కోసం అడిగే ముసలివాళ్ళ, జబ్బుమనుషుల అప్లికేషన్లు ముందు చూడమని. దయచేసి ఈ ఉత్తరం తీసుకెళ్ళి మళ్ళీ మా కౌన్సిల్‌కే పంపకండి. అక్కడ నావి చాలా ఉన్నాయి.

ఇది రాస్తుండగా మా వారు ఎవరికి అని అడిగారు. మంత్రిగారికి అన్నాను. "సర్వేయర్ మంచివాడే, ఆయన మీద ఏమీ రాయకు" అన్నారు. రాయలేదు. రేపు ఆదివారం, నాకు సెలవు. నీళ్ళు కాస్త ఎక్కువ కాచి, కుంకుడురసం తీసి, వంటింట్లోనే ఆయనకు తలంటు పోయాలనుకుంటున్నాను. నేల మీద పరవడానికి పాత దుప్పట్లు తీసి పెట్టుకున్నాను.

రెండు రెఫరెన్స్ నంబర్లూ మీకు పంపే ప్రతిలో రాశాను.

ఇట్లు,
తూర్పు లండన్ నుంచి
ఒక కౌన్సిల్ అద్దెదారు