చరిత్రలో ఈరోజు కాలమ్‌లో ఆల్బమ్‌లకి కూడా ఒక లైను ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మేము చెన్నై పెరంబూరులో ఉంటాం, మా తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, నాన్న కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైర్ అయ్యారు. ఆయనకి చూపు తగ్గినప్పటి నుంచి పొద్దున్నే మీ పేపర్ నేనే చదివి వినిపిస్తా. ముందు తిథి, వర్జ్యం, తర్వాత చరిత్రలో ఈరోజు, ఆ తర్వాతే మిగతా వార్తలు, ఈ వరస మారితే నాన్న ఒప్పుకోరు. అలా ఏళ్ల తరబడి ఆ కాలమ్ చదువుతున్నా కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

ఆ కాలమ్‌లో రాజుల పట్టాభిషేకాలు వస్తాయి, యుద్ధాలు వస్తాయి, ఎవరు ఏ మిషన్ కనిపెట్టారో వస్తుంది, సినిమా వాళ్ల పుట్టినరోజులు వస్తాయి, అన్నీ బాగుంటాయి. కానీ ఒక పాటల ఆల్బమ్ ఫలానా రోజు రిలీజ్ అయింది అని ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చదవలేదు. ముఖ్యంగా హిప్ హాప్ వైపు, అంటే దరువు మీద మాటలు లయగా చెప్పే ర్యాప్ పాటల వైపు, అసలు చూడరు. నవంబర్ 9 వస్తే బెర్లిన్ గోడ కూలిన సంగతి వేస్తారు, వేయాల్సిందే, 1989 లో ప్రపంచం మారిన రోజు అది. అదే నవంబర్ 9 న, 1993 లో, న్యూయార్క్ లో రెండు ఆల్బమ్‌లు ఒకేరోజు షాపుల్లోకి వచ్చాయి, ఒకటి ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ వాళ్ల మిడ్‌నైట్ మరాడర్స్, రెండోది వూ టాంగ్ క్లాన్ వాళ్ల మొదటి ఆల్బమ్ ఎంటర్ ది వూ టాంగ్. ఒకటి మెత్తగా, జాజ్ కలిసి, సాయంత్రం మిద్దె మీద కూర్చుని వినేలాంటిది. రెండోది గరుకుగా, కుంగ్‌ఫూ సినిమాల డైలాగులు మధ్యలో పెట్టి, తొమ్మిది మంది ఒకరి మీద ఒకరు పడి పాడినట్టుంటుంది. ఇంత తేడా ఉన్న రెండూ ఒకే ఊరి నుంచి ఒకే రోజు వచ్చాయంటే అది చరిత్ర కాకపోతే ఇంకేమిటండి.

మా పెద్దమ్మ కొడుకు షిప్పులో పనిచేసేవాడు, వాడు తెచ్చిన క్యాసెట్‌తోనే నాకు ఇదంతా మొదలైంది. మిడ్‌నైట్ మరాడర్స్ కవర్ మీద వరసగా ఎన్నో ముఖాలు ఉంటాయి, అప్పటి హిప్ హాప్ వాళ్లందరివీ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. ఇంగ్లీషు పాట సగం అర్థం కాకపోయినా ఆ ముఖాలు చూస్తూ కూర్చునేదాన్ని, వీళ్లంతా ఎవరు, ఒకళ్ల ఆల్బమ్ మీద ఇంకొకళ్ల బొమ్మ ఎందుకు వేశారు అని. టేపు బయటికొస్తే రేనాల్డ్స్ పెన్ను పెట్టి తిప్పి మళ్లీ లోపలికి చుట్టేదాన్ని. చివరికి ఒక పక్క టేపు అరిగిపోయి పాట నీళ్లలోంచి వచ్చినట్టు వినపడేది, అయినా పారేయలేదు, ఇప్పటికీ బీరువాలో ఉంది.

అసలు ఈ సంగీతం ఎలా పుట్టిందో కూడా ఒక తేదీతో చెప్పొచ్చు. 1973 ఆగస్టు 11, బ్రాంక్స్ లో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబర్ బిల్డింగు. జమైకా నుంచి వచ్చిన కుటుంబం పిల్ల సిండీ క్యాంప్‌బెల్ స్కూల్ తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల కోసం పార్టీ పెట్టింది, ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు టికెట్. వాళ్లన్న, అందరూ కూల్ హెర్క్ అంటారు, రికార్డులు వేశాడు. అతను గమనించిందేమిటంటే పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క దగ్గరే జనం ఎక్కువ ఎగురుతున్నారని, అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క మొదలుపెట్టి, దాన్ని సాగదీస్తూ పోయేవాడు. నాన్నకి ఇది చెప్తే వెంటనే అర్థమైంది. మా వీధి రామమందిరంలో శనివారం భజనకి ఆయనే హార్మోనియం, ఒక చరణం దగ్గర జనం ఊగిపోతుంటే ఆ చరణాన్ని వదలకుండా పది సార్లు తిప్పుతారు, డోలక్ ఆయన కూడా ఆయన కళ్లలోకే చూస్తూ ఉంటాడు ఎప్పుడు దింపుతారా అని. అదే పని నాన్నా, రికార్డుతో చేశాడు అని చెప్పా.

అక్కడి నుంచి ఆరేళ్ల వరకు ఇది డిస్క్ మీదకి దాదాపు ఎక్కనే లేదు. 1979 లో షుగర్‌హిల్ గ్యాంగ్ సింగిల్ వచ్చాకే దేశమంతా విన్నది, 1982 లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వాళ్ల ది మెసేజ్ వచ్చాక ఇందులో పేదవాళ్ల కష్టం కూడా చెప్పొచ్చని తెలిసింది. ఆల్బమ్ గా నిలబెట్టింది మాత్రం రన్ డిఎంసి వాళ్లు, 1986 లో రెయిజింగ్ హెల్, పది లక్షల కాపీలు దాటిపోయింది. 1988 లో పబ్లిక్ ఎనిమీ వాళ్ల రెండో ఆల్బమ్ వచ్చింది, ఇంకో వైపు లాస్ ఏంజిలిస్ పక్కన కాంప్టన్ నుంచి ఎన్ డబ్ల్యు ఎ వచ్చారు, వాళ్ల పాట గురించి ఎఫ్‌బిఐ నుంచి రికార్డు కంపెనీకి ఉత్తరం వెళ్లింది. ఇవన్నీ ఒక్కో లైనులో సరిపోయే సంగతులే, మీ కాలమ్‌కి తగ్గవే.

తేదీలు ఎందుకు కలుస్తాయి అనేదానికి కూడా ఒక కారణం ఉంది. అమెరికాలో చాలా ఏళ్లు కొత్త రికార్డులు మంగళవారం వచ్చేవి, 2015 జులై నుంచి ప్రపంచమంతా శుక్రవారానికి మారింది. అందుకే ఒక్కో మంగళవారం జాతర లాగా ఉండేది. 1998 సెప్టెంబర్ 29 తీసుకోండి, ఔట్‌కాస్ట్ వాళ్ల అక్వెమినై, జే జీ అనే ర్యాపర్ మూడో ఆల్బమ్, బ్లాక్ స్టార్ వాళ్ల ఆల్బమ్, ట్రైబ్ వాళ్ల ది లవ్ మూవ్‌మెంట్, బ్రాండ్ నూబియన్ వాళ్ల ఆల్బమ్, ఐదూ ఒక్కరోజే. 2001 సెప్టెంబర్ 11 కూడా మంగళవారమే, జే జీ ది బ్లూప్రింట్ ఆరోజే వచ్చింది, కానీ ఆ తేదీన ఆ ఘోరం తప్ప ఇంకోటి వేయమని నేను అడగను, పోయినవాళ్ల రోజు అది.

నేను మిమ్మల్ని గట్టిగా అడిగే తేదీ ఏప్రిల్ 19. 1994 లో ఆ మంగళవారం నాస్ అనే కుర్రాడి ఇల్మాటిక్ వచ్చింది. అప్పటికి అతనికి 20 ఏళ్లు, హెర్క్ పార్టీ జరిగిన నెల తర్వాత పుట్టాడు, అంటే హిప్ హాప్ తో పాటే పెరిగాడు. పదే ట్రాకులు, నలభై నిమిషాలు, క్వీన్స్‌బ్రిడ్జ్ అనే గవర్నమెంట్ క్వార్టర్స్ లో తను చూసింది మాత్రమే చెప్తాడు, జైల్లో ఉన్న స్నేహితుడికి ఉత్తరాలు రాసినట్టు ఒక పాట మొత్తం ఉంటుంది. కవర్ మీద ఏడేళ్లప్పటి తన ముఖం, దాని వెనక ఆ బిల్డింగులే. మా రైల్వే క్వార్టర్స్ లో పెరిగిన నాకు ఆ కవర్ చూస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు, వరసగా ఒకేలాంటి కిటికీలు, ఎవరింట్లో ఏం జరిగినా అందరికీ వినపడే గోడలు. అదే సంవత్సరం ఇక్కడ కాదలన్ సినిమాలో పేట్టై ర్యాప్ ప్రతి టీ బంకులో మోగింది, మీరు తెలుగులో ప్రేమికుడుగా చూసే ఉంటారు. మా వీధి పిల్లలందరికీ ఆ పాట నోటికొచ్చేది, సముద్రానికి అవతల ఇల్మాటిక్ వచ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలీదు, ఎవరు చెప్తారు, ఏ పేపర్లో వేశారు.

ఇల్మాటిక్ నేను కొన్నది చాలా తర్వాత, బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్‌లో, సీడీ. ఒకరోజు ఇంట్లో పెట్టి వంటింట్లో పని చేసుకుంటున్నా, నాన్న హాల్లో పడక కుర్చీలో ఉన్నారు. మూడో పాట చివరికి వచ్చింది, మాటలు ఆగిపోయి ఒక బూర లాంటిది మెల్లగా పైకి లేస్తుంది. నాన్న లోపలికి కేక వేశారు, ఎవరమ్మా ఆ వాయించేది, వయసులో పెద్దవాడిలా ఉన్నాడే అని. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి సీడీ లోపల ఉండే చిన్న పుస్తకం తీసి చదివా. ఓలు దారా, కార్నెట్. ఆ పాడే కుర్రాడి నాన్న ఆయన, జాజ్ వాయిద్యకారుడు. అది చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కొడుకు పాటలో తండ్రి వాయించాడా, మళ్లీ పెట్టు అన్నారు. ఆరోజు ఆ చివరి ముక్క నాలుగు సార్లు పెట్టా, నాన్న కుర్చీ చెయ్యి మీద వేళ్లు కదుపుతూ స్వరం వెతుక్కున్నారు.

అందుకే పేర్లు, తేదీలు అంటే నాకు ఇంత పట్టింపు. హిప్ హాప్ లో ఒక పాటలో ఇంకొకళ్ల పాట ముక్క ఉంటుంది, ఎవరి ముక్క అనేది రాసి ఉంటేనే తెలుస్తుంది. రాయకపోతే గొడవే. 1991 లో బిజ్ మార్కీ అనే ఆయన పర్మిషన్ లేకుండా ఒక పాట ముక్క వాడారని కోర్టుకెళ్తే జడ్జి గారు తీర్పు మొదట్లోనే దొంగిలించరాదు అని బైబిల్ ఆజ్ఞ రాశారు, ఆ ఆల్బమ్ షాపుల్లోంచి వెనక్కి వచ్చేసింది. ఆ తర్వాత ప్రతి ముక్కకీ ముందే పర్మిషన్, డబ్బు. 2002 లో ట్రూత్ హర్ట్స్ అనే అమ్మాయి ఆల్బమ్ లో లతా మంగేష్కర్ గారి గొంతు వినపడుతుంది, 1981 లో జ్యోతి అనే హిందీ సినిమా పాట, సంగీతం మన బప్పీ లహిరి గారు, సింహాసనం, గ్యాంగ్ లీడర్ పాటలు ఇచ్చిన ఆయనే. ఆయన పేరు వేయలేదు. ఆయన పేరు వేయకుండా ఆ ఆల్బమ్ అమ్మడానికి వీల్లేదని అమెరికా కోర్టు ఆర్డర్ ఇచ్చింది. నాకు హిప్ హాప్ అంటే ప్రాణం, అయినా ఈ విషయంలో నేను బప్పీ గారి వైపే. ఆ ముక్క తీసుకోవడం తప్పు కాదు, పేరు తీసేయడం తప్పు.

ఇంకో వైపు కూడా ఉంది, అదీ చెప్పాలి. డి లా సోల్ అని ముగ్గురు స్నేహితులు, 1989 లో వాళ్ల మొదటి ఆల్బమ్ త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్ వచ్చింది, ఎన్ని పాటల ముక్కలు కలిపారో, వింటే తిరునాళ్లలో నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ ముక్కల హక్కుల చిక్కులతోనే ఫోన్లలో పాటలు వినే కాలం వచ్చాక ఆ ఆల్బమ్ ఏళ్ల తరబడి ఎక్కడా దొరకలేదు. 2023 మార్చి 3 న దొరికింది. అందరూ ఎదురుచూసిన రోజు అది. ఆ ముగ్గురిలో ఒకరు, డేవ్, అదే ఏడాది ఫిబ్రవరి 12 న చనిపోయారు, ఆ రోజుకి ఇంకా మూడు వారాలు కూడా లేదు. మార్చి 3 పొద్దున నేను ఎలక్ట్రిక్ ట్రైన్‌లో వ్యాసర్‌పాడి దాటుతుండగా ఆ ఆల్బమ్ పెట్టుకుని విన్నా, దిగాల్సిన స్టేషన్ వచ్చినా దిగలేకపోయా.

ఆడవాళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు. 1998 ఆగస్టు 25 న లారిన్ హిల్ ఆల్బమ్ వచ్చింది, మొదట్లోనే స్కూల్ బెల్, టీచర్ హాజరు పిలుస్తుంటే లారిన్ హిల్ అన్నప్పుడు ఎవరూ పలకరు. మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అదే, హిప్ హాప్ కి ఆ గౌరవం అదే మొదటిసారి. ఇంకో తేదీ ఫిబ్రవరి 7, 2006, జే డిల్లా అనే ఆయన ఆల్బమ్ డోనట్స్ వచ్చింది, అదే ఆయన 32వ పుట్టినరోజు, మూడు రోజులకే చనిపోయారు. 2018 లో కెండ్రిక్ లామార్ అనే ర్యాపర్ ఆల్బమ్ డామ్ కి పులిట్జర్ ఇచ్చారు, క్లాసికల్, జాజ్ కాకుండా వేరే సంగీతానికి అంతకుముందు ఎప్పుడూ ఇవ్వని బహుమతి అది.

ఇక్కడి తమిళం వాళ్లు చూడండి, 2006 లో మలేషియా నుంచి యోగి బి, నచ్చత్ర వాళ్ల వల్లవన్ వచ్చింది, 2019 లో అరివు, ఆఫ్రో కలిసి తెరుక్కురల్ తెచ్చారు, ఇవి సినిమా పాటలు కావు, సొంతంగా నిలబడ్డ ఆల్బమ్‌లు. మన తెలుగులో కూడా కుర్రాళ్లు చాలామంది రాస్తున్నారు, మంచిగా రాస్తున్నారు, కానీ ఒక్కో పాట యూట్యూబ్‌లో పెట్టి వదిలేస్తున్నారు. పది పాటలు ఒక వరసలో కూర్చి ఇది నా ఊరు, ఇది నా వీధి అని చెప్తే దానికో తేదీ ఉంటుంది, పాతికేళ్ల తర్వాత ఎవరో మీ కాలమ్‌లో చదువుతారు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే అండి, వారానికి ఒక్క లైను చాలు. ఆల్బమ్ పేరు, పాడినవాళ్లు, ఊరు, సంవత్సరం, అంతే. తేదీలు కావాలంటే నేను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నవి పంపిస్తా, ప్రతిదీ రెండు చోట్ల సరిచూసుకున్నాకే రాశా. ఏప్రిల్ 19 తో మొదలుపెడితే సంతోషం. వాయించిన తండ్రి పేరు కూడా వేయండి, నాన్న అది వినాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై