ఆ డబ్బు కట్టొద్దమ్మా

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిన్నీ,

నువ్వు పంపిన స్టెమ్ సెల్ సెంటర్ వాళ్ల కాగితాలు చదివాను. వాళ్లకి అడ్వాన్సు కట్టొద్దమ్మా. క్యోటో యూనివర్సిటీ ప్రయోగం ఫలితాలు 2025లో వచ్చిన మాట నిజమే. ఏ కణంగానైనా మార్చగలిగే స్టెమ్ సెల్స్ నుంచి, ఒంటి కదలికలకి కావలసిన డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలను ల్యాబ్‌లో పెంచి, నాన్నలాగే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మెదడులో పెట్టారు. అయితే పెట్టింది ఏడుగురికే, అదీ ముందు ప్రమాదం ఉందో లేదో చూడటానికి. ఆ పేరు చెప్పి ఇక్కడ సెలైన్‌లో ఏదో ఎక్కించి లక్షలు గుంజేవాళ్లను నేను నమ్మను.

నాన్నకి మాత్ర ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. వేసుకున్న కాసేపటికి చొక్కా గుండీలు ఆయనే పెట్టుకుంటారు, బీచ్ రోడ్డులో నా కంటే ముందు నడుస్తారు. చిక్కల్లా అది ఎక్కువసేపు నిలవకపోవడమే. మందు దిగిపోగానే గుమ్మం దగ్గర కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. పప్పు, గుడ్డు తిన్నాక వేస్తే ఇంకా ఆలస్యం. ప్రోటీన్ ఆ మందుని ఒంటికి పట్టనివ్వదట. అందుకే ఇప్పుడు భోజనానికి ముందే ఇస్తున్నాను.

డాక్టరుగారు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే ఆపరేషన్ గురించి ఆలోచించమన్నారు. మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెట్టి, కొద్దికొద్దిగా కరెంటు పంపిస్తారు. ఫ్రాన్స్‌లో బెనబిడ్ అనే డాక్టరు 1987లో మొదలుపెట్టిన పద్ధతి. అది నాన్నకి పనికొస్తుందో లేదో చూడటానికి, ముందు రాత్రి నుంచి మందు ఆపి పొద్దున్న ఒకసారి, మాత్ర వేశాక మరోసారి పరీక్ష చేస్తారు. వణుకు సంగతి వేరు గానీ, మిగతావాటిలో మాత్రకి తగ్గేవే దీనికీ తగ్గుతాయి. తూలడం, మాట తడబడటం తగ్గకపోవచ్చు. జబ్బు ముదరడం ఆగదు. అన్నీ అడిగి తెలుసుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది. రోజులో ఇంకో నాలుగు గంటలు ఆయన ఒంటి మీద ఆయనకి పట్టుంటే చాలు నాకు.

పుర్రె కొయ్యకుండా అల్ట్రాసౌండ్‌తో చేసేదాని గురించీ అడిగావు. అది ముఖ్యంగా వణుకుకి. పెదనాన్నది పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బు కాబట్టి ఆయన విషయంలో అడగొచ్చు. మెదడు సంకేతాలను బట్టి కరెంటు తనే సర్దుకునే డీబీఎస్‌కి 2025 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మనకి దొరుకుతుందా అని ఈసారి డాక్టరుగారిని నువ్వే అడుగు.

పరీక్ష రోజున మందు లేకుండా ఆయన్ని లేపి కూర్చోబెట్టడం నా ఒక్కదాని వల్ల కాదు. తేదీ చెప్పగానే టికెట్టు తీసుకో. ఈలోగా నాన్న దగ్గర స్టెమ్ సెల్స్ మాట ఎత్తకు తల్లీ, ఆశ పెట్టుకుంటారు.

అమ్మ